నీటి నడుమ శ్రీహరికోట

పాఠ్యభాగ పరిచయం

ఒక దీవిని గురించి తెలిసికొనడమంటే ముఖ్యంగా మూడు విషయాలను తెలిసికొనడమే. అక్కడి నేల, నీరు ఎటువంటివి? అక్కడ ఎవరు జీవించారు? ఆ దీవి మేలుకీడులను ఎవరు నిర్ణయించారు? నెల్లూరు సీమ దక్షిణ తీరంలోని శ్రీహరికోటను ఈ మూడు ప్రశ్నలతో పరిశీలించడమే ఈ పాఠం ఉద్దేశం.

ఉనికి – నైసర్గిక స్వరూపం

ఉపగ్రహ ప్రయోగం జరిగిన ప్రతిసారి శ్రీహరికోట పేరు దేశమంతటా మారుమ్రోగుతుంది. కాని అది నాలుగు వైపులా నీరు ఆవరించిన ఒక ఇసుక దీవి అన్న సంగతి చాలామందికి స్ఫురించదు. చెన్నైకి ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, తూర్పున బంగాళాఖాతానికీ పడమట పులికాట్ సరస్సుకూ నడుమ, ఉత్తర దక్షిణాలుగా సాగిన సన్నని భూభాగమిది. సముద్రపు అలలు, తీరప్రవాహాలు వేల సంవత్సరాలుగా తెచ్చి పోసిన ఇసుకతో ఏర్పడినది. ఇక్కడ కొండలు లేవు, నదులు లేవు. వాన నీరు ఇసుకలో ఇంకి, ఉప్పునీటి కంటె తేలికైనది కనుక దానిపై పొరగా నిలుస్తుంది. ఆ తీపి నీటి పొరే ఇక్కడి అడవికీ మనుషులకూ ఆధారం.

సముద్రతీరాన ఇసుక తిన్నెలు, వాటి వెనుక ముళ్లపొదలు, ఆ వెనుక ఏడాది పొడవునా పచ్చగా ఉండే పొట్టి చెట్ల అడవి ఇక్కడి సహజ దృశ్యం. ఇటువంటి అడవి ఒకప్పుడు కోరమాండల్ తీరమంతటా ఉండేది. ఊళ్లు పెరిగి, పొలాలు విస్తరించి, వంటచెరకు కోసం చెట్లు నరకడం వలన అది చాలాచోట్ల అంతరించింది. మిగిలిన కొద్ది చోట్లలో శ్రీహరికోట ముఖ్యమైనది. ఇక్కడి ఇసుక తీరం సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టే చోటు కూడా.

దీవికి పడమట ఉన్న పులికాట్ సరస్సు ఒడిశాలోని చిలికా తరువాత మన దేశంలో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. పొడవు సుమారు 60 కిలోమీటర్లు. లోతు మాత్రం చాలాచోట్ల మనిషి నడుమును మించదు. కాళంగి, ఆరణి నదులు తీపి నీటిని తెస్తాయి. సముద్రం ముఖద్వారాల గుండా ఉప్పునీటిని పంపుతుంది. ఈ రెండు నీళ్ల కలయికలోనే సరస్సు ప్రాణమున్నది. ఈశాన్య ఋతుపవన కాలంలో సరస్సు నిండి నలుదిక్కులా విస్తరిస్తుంది. ఎండాకాలంలో కుంచించుకుపోయి, ఉత్తర భాగం చాలావరకు ఎండి, ఉప్పు పేరుకొన్న బురదనేల బయటపడుతుంది. రొయ్యలు, పీతలు, మొయ్యలు వంటి చేపలు చిన్నవిగా ఉన్నప్పుడు సముద్రం నుండి ఈ లోతులేని నీటిలోకి వచ్చి పెరుగుతాయి. సరస్సు మీద బ్రతికే జాలరి పల్లెల కడుపు నిండేది ఈ రాకపోకల వలననే.

పక్షుల పుట్టిల్లు

శీతకాలంలో వేల కొలది రాజహంసలు, అనగా ఫ్లెమింగోలు, ఈ సరస్సుకు వస్తాయి. అవి తలను తలక్రిందులుగా నీటిలో ముంచి, వంకర ముక్కుతో బురదనీటిని వడకట్టి, అందులోని నాచునూ సూక్ష్మజీవులనూ ఆహారంగా గ్రహిస్తాయి. వాటి ఈకల గులాబి వన్నె ఆ ఆహారం నుండి వచ్చినదే. నీరు మరీ లోతైతే ఆ పక్షులు మేయలేవు. మరీ ఎండిపోతే మేత దొరకదు. కనుక రాజహంసల రాక సరస్సు ఆరోగ్యాన్ని తెలిపే గుర్తు.

సరస్సుకు సమీపంలో, దొరవారిసత్రం మండలంలో నేలపట్టు అనే గ్రామమున్నది. అక్కడి చెరువులో నీటి నడుమ పెరిగే కడప చెట్లపై గూడబాతులు, నత్తగుల్ల కొంగలు గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. తల్లిపక్షులు మేత కోసం పులికాట్ సరస్సుకు ఎగిరిపోయి చేపలతో తిరిగివస్తాయి. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువు వలె పనిచేస్తుందని గ్రామస్థుల అనుభవం. అందువలన చట్టం రాక ముందే వారు ఆ పక్షులను కాపాడుకొన్నారు. 1976లో ప్రభుత్వం నేలపట్టును పక్షి సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది. గూడు ఒకచోట, కూడు మరొకచోట ఉన్న ఈ పక్షుల జీవనం ఒక సత్యాన్ని చెప్పుతుంది. చెరువును మాత్రమే కాపాడి సరస్సును విడిచిపెడితే పక్షులు దక్కవు.

ఓడల కాలం నుండి కాలువ కాలం వరకు

పదిహేడవ శతాబ్దంలో ఈ తీరపు వస్త్రాల కోసం ఐరోపా వర్తకులు పోటీపడ్డారు. సరస్సు దక్షిణ కొసన, నేడు తమిళనాడులో ఉన్న పళవేర్కాడులో డచ్చివారు 1613లో గెల్డ్రియా కోటను నిర్మించారు. ఆంగ్లేయులు ఉత్తరంగా, దుగరాజపట్నం వద్ద 1626 ప్రాంతంలో వర్తక స్థావరం నెలకొల్పారు. వారి పత్రాలలో దాని పేరు ఆర్మగాన్. కోరమాండల్ తీరంలో ఆంగ్లేయులు కోట కట్టుకొన్న మొదటి స్థావరం అదే. అక్కడి అధికారియైన ఫ్రాన్సిస్ డే అంతకంటె అనుకూలమైన చోటును వెదకుతూ దక్షిణానికి వెళ్లి, 1639లో మద్రాసు స్థలాన్ని సంపాదించాడు. తరువాత కొద్దికాలానికే ఆర్మగాన్ వెనుకబడిపోయింది. మద్రాసు మహానగరం పుట్టుకకు నెల్లూరు తీరంలోని ఒక చిన్న రేవు మెట్టుగా నిలిచిందన్నమాట.

మద్రాసు పెరిగిన కొలదీ దాని పొయ్యిలకు కట్టెలు కావలసివచ్చాయి. 1835లో కుంపిణీ ప్రభుత్వం శ్రీహరికోటను తన ప్రత్యక్ష నిర్వహణలోకి తీసికొన్నది. మద్రాసు నుండి ఉత్తరంగా త్రవ్విన కాలువ సరస్సు గుండా సాగి, ఈ దీవిని నగరంతో కలిపింది. 1876–78 నాటి ఘోరమైన కరవు కాలంలో వేలాది కూలీల శ్రమతో ఆ కాలువ విస్తరణ పనులు జరిగాయి. అప్పటి మద్రాసు గవర్నరు పేరిట దానికి బకింగ్‌హామ్ కాలువ అనే పేరు వచ్చింది. పడవల మీద వంటచెరకు నగరానికి తరలింది. సహజమైన అడవి తగ్గిన చోట సరుగుడు, నీలగిరి తోటలు వెలిశాయి.

యానాదుల దీవి

ఈ అడవిని ఎవరికంటె ఎక్కువగా ఎరిగినవారు యానాదులు. తెలుగే మాతృభాషగా గల ఈ గిరిజనులు నెల్లూరు సీమలో అనాదిగా నివసిస్తున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో వారి సంఖ్య ఐదు లక్షలకు పైమాటే. శ్రీహరికోట యానాదులు అడవిలో తేనె, సుగంధిపాల, ముషిణి గింజలు సేకరించేవారు. వస్త్రాలకు ఎర్రరంగునిచ్చే చిరువేరును త్రవ్వి తీసేవారు. దుంపలను త్రవ్వుకొని, సరస్సులో చేపలు పట్టుకొని జీవించేవారు. ఏ వేరు ఏ వ్యాధికి పనికివస్తుందో, పాము కాటుకు ఏ ఆకు వాడాలో వారి పెద్దలు పిల్లలకు నోటిమాటగా నేర్పేవారు.

1835 తరువాత ప్రభుత్వం వారు సేకరించిన అటవీ వస్తువులను తీసికొని, బదులుగా ధాన్యం, బట్టలు ఇచ్చే పద్ధతిని అమలుపరచింది. అడవి యథాతథంగా ఉన్నా, అది ఇక వారిది కాదు. అంతవరకు తమ అవసరం కొలదీ సేకరించినవారు, అటుపై ప్రభుత్వపు కూలీలయ్యారు. బ్రిటిషు పాలకులు యానాదులలో కొన్ని వర్గాలను నేరస్థ తెగల చట్టం క్రిందికి తెచ్చారు. పుట్టుకతోనే ఒక సమూహాన్ని దొంగలుగా ముద్రవేసిన ఆ చట్టం స్వాతంత్ర్యానంతరం, 1952లో దేశమంతటా రద్దయింది. యానాదుల హక్కుల కోసం, వారి పిల్లల చదువు కోసం జీవితాన్ని ధారపోసిన నెల్లూరు నాయకుడు వెన్నెలకంటి రాఘవయ్య. ఆయన యానాదుల జీవితంపై రచించిన ఆంగ్ల గ్రంథం 1962లో వెలువడింది.

నింగికి నిచ్చెన

భారతదేశపు మొదటి రాకెట్టు 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుండి ఎగిరింది. వాతావరణ పరిశోధనకు ఆ చోటు సరిపోయింది. కాని ఉపగ్రహాలను కక్ష్యలో నిలిపే పెద్ద రాకెట్లకు తూర్పు తీరం అవసరమయింది. భూమి పడమటి నుండి తూర్పునకు తిరుగుతుంది. భూమధ్యరేఖ వద్ద ఆ వేగం సెకనుకు సుమారు 465 మీటర్లు. తూర్పు దిశగా ప్రయోగించిన రాకెట్టుకు ఈ వేగం అదనపు బలంగా తోడవుతుంది. భూమధ్యరేఖకు ఎంత దగ్గరగా ఉంటే ఆ లాభం అంత అధికం. దారిలో రాలిపడే రాకెట్టు భాగాలు జనావాసాలపై గాక సముద్రంలో పడాలి. చుట్టూ జనసమ్మర్దం ఉండకూడదు. ఈ లక్షణాలన్నీ శ్రీహరికోటలో కనిపించాయి. విక్రం సారాభాయ్ నాయకత్వంలో అంతరిక్ష కార్యక్రమం నడుస్తున్న ఆ రోజులలో, 1969లో ఈ దీవి ఎంపికయింది.

1971 అక్టోబరు 9న రోహిణి–125 అనే చిన్న రాకెట్టు ఇక్కడి నుండి మొదటిసారి ఎగిరింది. 1979 ఆగస్టు 10న జరిగిన ఎస్.ఎల్.వి.–3 తొలి ప్రయోగం విఫలమయింది. ఆ రాకెట్టు పథకానికి సంచాలకుడు ఎ.పి.జె. అబ్దుల్ కలాం. ఏడాది తిరగక ముందే, 1980 జూలై 18న అదే రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. స్వంత రాకెట్టుతో ఉపగ్రహాన్ని పంపగల దేశాల సరసన భారతదేశం చేరింది. అంతరిక్ష సంస్థకు చిరకాలం అధ్యక్షుడిగా పనిచేసిన సతీష్ ధావన్ 2002లో మరణించగా, ఆ సంవత్సరమే ఈ కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. 2008లో చంద్రయాన్–1, 2013లో మంగళయాన్, 2023లో చంద్రయాన్–3 ఈ ఇసుక నేల నుండే బయలుదేరాయి. 2025 జనవరి 29న శ్రీహరికోట నుండి వందవ ప్రయోగం జరిగింది.

ఈ కేంద్రం వలన దీవికి ఒక మేలు జరిగింది. అడవి నరకడం ఆగింది. బయటివారి ప్రవేశానికి కట్టుదిట్టాలు ఏర్పడినందువలన తీరంలోని ఇతర ప్రాంతాలలో కనుమరుగైన చెట్లు, జంతువులు ఇక్కడ మిగిలాయి. అయితే మేలు వెంట మూల్యమూ ఉన్నది. కేంద్రం కోసం దీవిలోని గ్రామాల ప్రజలు తమ ఇండ్లను విడిచి తీరం మీదికి తరలిపోయారు. యానాదులలో కొందరు దీవిలోనే ఏర్పరచిన కాలనీలలో నిలిచారు. వారిలో పలువురికి కేంద్రంలో కూలిపనులు, చిన్న ఉద్యోగాలు దొరికాయి. చదువు, వైద్యం అందుబాటులోకి వచ్చాయి. కాని అడవిలో స్వేచ్ఛగా తిరిగే జీవనం ముగిసింది. వేరును చూచి మందు చెప్పగల విద్య వినియోగం తగ్గిన కొలదీ మరుగున పడసాగింది.

ఎవరి పాలన?

శ్రీహరికోట చాలాకాలం నెల్లూరు జిల్లాలో భాగంగా ఉండి, 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో సూళ్లూరుపేటతోపాటు తిరుపతి జిల్లాలో చేరింది. రెవెన్యూ వ్యవహారాలు రాష్ట్ర ప్రభుత్వానివి. ప్రయోగ కేంద్రం కేంద్ర ప్రభుత్వ అంతరిక్ష శాఖది. సరస్సులోని పక్షులు అటవీ శాఖ రక్షణలోనివి. చేపల వేట మత్స్యశాఖ పరిధిలోనిది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు సరస్సు కూడా రెండు రాష్ట్రాల మధ్య పంచబడింది. అధిక భాగం ఆంధ్రలో ఉండగా, నీరు నిరంతరం ప్రవహించే ప్రధాన ముఖద్వారం తమిళనాడులోని పళవేర్కాడు వద్ద ఉన్నది. చేపలకు ఎల్లలు తెలియవు. కనుక వలలు వేసేవారి మధ్య తగవులు తరచు తలెత్తుతూ ఉంటాయి.

ప్రభుత్వాల కంటె ముందే సరస్సుకు ఒక పాలనా పద్ధతి ఉండేది. దక్షిణ భాగపు జాలరులు దానిని ‘పాడు’ అంటారు. ముఖద్వారానికి చేరువలో రొయ్యలు సమృద్ధిగా దొరికే చోట్లు కొన్నే ఉంటాయి. ఆ చోట్లలో వల కట్టే వంతును గ్రామాలకు, కుటుంబాలకు చీట్ల ద్వారా నిర్ణయిస్తారు. నేడు మంచి చోటు దొరికినవారికి మరునాడు మరొకటి వస్తుంది. బలవంతుడు ఒక్కడే అంతా దోచుకొనకుండా, అందరూ ఒకేసారి పడి సరస్సును ఖాళీ చేయకుండా కాపాడిన కట్టుబాటు ఇది. అయినా దీనిలోనూ లోపమున్నది. కట్టుబాటులో సభ్యత్వం లేనివారికి, ముఖ్యంగా గిరిజనులకు, ఆ వంతులో చోటు లేదు. న్యాయం ఎంత మంచిదైనా కొందరిని గడప వెలుపల నిలిపితే అది సగం న్యాయమే.

దారి – నీటికి అడ్డం

సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు సరస్సు మీదుగా కట్ట పోసి రోడ్డు వేశారు. భారీ యంత్రాలను చేరవేయడానికి అది తప్పనిసరి. దీవిని దేశంతో కలిపిన ఆ దారే సరస్సును రెండు ముక్కలు చేసింది. అక్కడక్కడ తూములు, వంతెనలు ఉన్నా, ఉత్తర భాగానికీ దక్షిణ భాగానికీ మధ్య నీటి రాకపోకలు తగ్గాయి. దానికితోడు ఉత్తరాన ఉన్న రాయదొరువు ముఖద్వారం ఇసుకతో పూడిపోతూ వచ్చింది. సముద్రపు నీరు రాకపోతే రొయ్య పిల్లలు రావు. ఎండకు నీరు ఆవిరై ఉప్పదనం పెరిగితే ఉన్న చేపలు నిలువవు. ఉత్తరపు పల్లెల జాలరులు పని వెదుక్కొంటూ ఇతర ప్రాంతాలకు పోవడానికి ఇదే కారణం. పూడిక తీయాలన్న కోరిక వారి నోట దశాబ్దాలుగా వినిపిస్తున్నది.

1990వ దశకంలో నెల్లూరు తీరమంతటా రొయ్యల చెరువులు వెలిశాయి. వాటి వ్యర్థజలం కాలువలలోకి చేరింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల సాగుపై కఠినమైన ఆంక్షలతో తీర్పునిచ్చింది. 2005లో పార్లమెంటు ఈ సాగును క్రమబద్ధం చేసే చట్టాన్ని చేసింది. సరస్సు నడుమనున్న ఇరకం వంటి దీవి గ్రామాలకు భీమునివారిపాలెం రేవు నుండి పడవ మీద పోవాలి. నీరు తగ్గితే పడవ సాగదు. గాలి పెరిగితే ప్రయాణం ప్రమాదం. దీవి పక్కన నింగికెగిరే రాకెట్టును ఆ ఊరి పిల్లలు తమ ఇంటి ముంగిట నుండే చూస్తారు. ఆసుపత్రికి పోవాలంటే మాత్రం పడవ కోసం ఎదురుచూడాలి.

దూరపు సముద్రంలో ఒక పోలిక

పసిఫిక్ మహాసముద్రంలో మార్షల్ దీవులనే చిన్న దేశమున్నది. అందులో 29 పగడపు దీవుల వలయాలు, 5 విడి దీవులు ఉన్నాయి. అక్కడి నేల సముద్రమట్టానికి సగటున రెండు మీటర్ల ఎత్తు మాత్రమే. 1946 నుండి 1958 వరకు అమెరికా అక్కడ 67 అణుపరీక్షలు జరిపింది. బికినీ దీవి ప్రజలను కొద్దికాలానికేనని చెప్పి 1946లో తరలించారు. వారు నేటికీ తమ దీవిలో స్థిరపడలేకపోయారు. క్వాజలీన్ వలయంలో అమెరికా క్షిపణి పరీక్షా కేంద్రమున్నది. అక్కడ పనిచేసే స్థానికులు పక్కనున్న ఎబై అనే చిన్న దీవిలో కిక్కిరిసి జీవిస్తారు. 1979లో రాజ్యాంగం, 1986లో స్వాతంత్ర్యం వచ్చినా, ఆనాటి గాయాలు మానలేదు.

శ్రీహరికోట కథ అంత విషాదకరమైనది కాదు. ఇక్కడ జరిగినది విధ్వంసం కాదు, విజ్ఞాన సాధన. ఇక్కడ నిర్ణయం చేసినది పరాయి దేశం కాదు, ప్రజలు ఎన్నుకొన్న ప్రభుత్వం. అయినా రెండు చోట్లా ఒక పోలిక కనిపిస్తుంది. చుట్టూ నీరు, జనం తక్కువ – ఈ రెండు లక్షణాల వలననే దూరంలో ఉన్నవారికి దీవి అనువైన చోటుగా తోస్తుంది. కట్టెలు కావలసినప్పుడు, కాలువ కావలసినప్పుడు, రాకెట్టు కావలసినప్పుడు శ్రీహరికోట గుర్తుకు వచ్చింది. ‘జనం తక్కువ’ అన్న మాటకు ‘జనం లేరు’ అని అర్థం కాదు. ఆ తక్కువ మందికి ఆ దీవి సర్వస్వం.

ముగింపు

ప్రయోగానికి ముందు శాస్త్రజ్ఞులు సూళ్లూరుపేటలో కాళంగి ఒడ్డున వెలసిన చెంగాళమ్మ గుడికి వెళ్లి రావడం ఆనవాయితీ. ఆ కాళంగి నీరే పులికాట్ సరస్సును చేరి, రాజహంసకు మేతను, జాలరికి కూడును ఇస్తుంది. నింగిని జయించిన విజ్ఞానానికి ఈ నీటిని నిలుపుకొనే ఉపాయం అందనిది కాదు. ఇక్కడి నుండి ఎగిరిన ఉపగ్రహాలే సరస్సు ఎంత ఎండిందో, ఏ ముఖద్వారం పూడిందో చిత్రాలు తీసి చూపగలవు. కావలసినది రెండు రాష్ట్రాలు, నాలుగు శాఖలు, సరస్సు చుట్టూ ఉన్న పల్లెలు ఒకచోట కూర్చుండి మాట్లాడుకొనడం. ఆ సభలో యానాదికి కూడ ఒక పీట వేయాలి. ఎందుకంటే, అందరికంటె ముందు ఈ దీవిని తన ఇల్లుగా ఎరిగినవాడు అతడే.

ప్రశ్నలు

1. పులికాట్ సరస్సుకు తీపి నీరు, ఉప్పునీరు రెండూ ఎందుకు అవసరమో వివరించండి.
2. రాకెట్టు కేంద్రానికి శ్రీహరికోటను ఎంపిక చేయడానికి గల కారణాలను తెలపండి.
3. 1835 తరువాత యానాదుల జీవనంలో వచ్చిన మార్పులను మీ మాటలలో రాయండి.
4. ‘పాడు’ పద్ధతిలోని మంచినీ, లోపాన్నీ చర్చించండి.
5. “జనం తక్కువ అన్న మాటకు జనం లేరు అని అర్థం కాదు” – ఈ వాక్యాన్ని మీ ప్రాంతంలోని ఒక నిర్మాణంతో అన్వయించి రాయండి.